గోంగూర మిగిలిన అధ్యాయం

ఉదయం పేపరు ముందేసుకుని కూర్చున్నప్పుడు అన్న ఫోన్ చేశాడు. "తమ్మీ, మీ వదిన లేదురా" అన్నాడు. నిద్రలోనే పోయిందట. రిపోర్టర్‌గా ఎన్నో మరణవార్తలు రాశాను. ఎవరు, ఎప్పుడు, ఎట్లా అని వరసగా అడగడం అలవాటు. ఆ రోజు నా నోట మొదట వచ్చిన ప్రశ్న వేరు.

"ప్రూఫులు వచ్చినయా?"

"నిన్న వచ్చినయ్. కవర్ ఇంకా విప్పలే."

వదిన రాసిన నవల అచ్చుకు వెళ్లే ముందు చివరిసారి చూసుకోవలసిన కాగితాలవి. ఆమె చూసుకోలేదు.

వదినా నేనూ ఇద్దరిలో నవల రాస్తానని ముందు చెప్పింది నేను. మల్కాజ్‌గిరిలో వాళ్లింటికి వెళ్లిన ప్రతిసారీ చెప్పేవాణ్ని. ఒకరోజు చాయ్ గ్లాసు చేతికిస్తూ వదిన, "నీది చెప్పుడే అయితుంది మరిదీ. నేను సుత షురూ చేసిన" అంది. నవ్వాను. రైల్వే ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, కాలక్షేపానికి రాస్తుందిలే అనుకున్నాను.

ఆమె దిద్దుకునే పద్ధతి నేను మరెక్కడా చూడలేదు. ఆదివారం అన్న మోండా మార్కెట్ నుంచి గోంగూర కట్టలు తెచ్చేవాడు. హాల్లో చాప మీద అన్న, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన పక్కింటావిడ కూర్చుని ఆకు తుంచుతుంటే, వదిన ఆ వారం రాసింది చదివేది. ఎట్లా ఉందని అడిగేది కాదు. వాళ్ల చేతులు చూసేది. ఆకు చకచకా తెగుతుంటే, కొప్పులో దోపుకున్న పెన్సిల్ తీసి ఆ పేరాకు అడ్డగీత పెట్టేది. చేతులు ఆగితే పేరా ఉండేది.

"మస్తుందని నోరు ఊకెనే అంటది. చేతులకు మొహమాటం లేదు" అనేది. రైళ్ల టైంటేబుల్ చదివినట్టు చదివేది. కొంచెం భావం పెట్టి చదవొచ్చు కదా అన్నాను. "గొంతు సాయం చేస్తే వాక్యం బద్ధకిస్తది" అంది.

నా మొదటి అధ్యాయం కూడా ఆ చాప మీదే చదివాను, భావం పెట్టి. తలెత్తేసరికి కాడలన్నీ ఒక పక్క, ఆకంతా ఒక పక్క.

"చాలా బాగా రాశారండీ" అంది పక్కింటావిడ.

వదిన ఆకు గిన్నెలోకి ఎత్తుకుంటూ, "వారం వారం రా మరిదీ. గోంగూర జల్ది అయితది" అంది. అన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. నేనూ నవ్వాను. ఇంటికి పోయే బస్సులో మాత్రం నవ్వలేదు.

నవలలు పూర్తయ్యాక ఇద్దరం ఒకే ప్రచురణకర్తకు పంపాం. నాది మర్యాదగా తిప్పిపంపారు. ఒక అధ్యాయం తీసేస్తే ఆమెది వేస్తామన్నారు. ఆ అధ్యాయంలో ఒకామె లోకల్ రైలు అందుకోలేక, తర్వాతి రైలు వచ్చేదాకా ప్లాట్‌ఫామ్ మీద కూర్చుంటుంది. అంతే. కథ కదలడం లేదని ఎడిటర్ అభ్యంతరం. నాకూ అది సబబే అనిపించింది. అట్లా అనిపించినందుకు కాస్త సంతోషం కూడా వేసింది.

వదిన ఆయనకు ఫోన్ చేసి, "సార్, ఆడ చేతులు ఆగినయ్. తీయను" అంది. ఆయనకు అర్థం కాలేదు. గోంగూర సంగతి మొదటి నుంచి చెప్పుకొచ్చింది. ఆయన అడగని రెండు అధ్యాయాలు తానే కొట్టేసి, ఆ ఒక్కటీ ఉంచుకుంది. ఆయన ఒప్పుకున్నాడు. నా వార్తల్లో వాక్యాలను పేపర్ డెస్క్ వాళ్లు కొట్టేసినప్పుడు ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ ఆ మాట అనలేదు. ఆమె పుస్తకం కంటే ఆ "తీయను" మీద నాకు అసూయ ఎక్కువ. మనిషి పోయినా అది పోలేదు.

కర్మలన్నీ అయ్యాక వచ్చిన ఆదివారం అన్న మళ్లీ గోంగూర తెచ్చాడు. "ప్రూఫులు చూసి పంపాలె. నాతోని కాదు. నువ్వు చదువు, మేం వింటం" అన్నాడు. పక్కింటావిడ వచ్చి కూర్చుంది. వదిన కూర్చునే చోట కూర్చుని కవర్ విప్పాను. అచ్చుతప్పుల కోసమే కదా అనుకుని, ఏ భావమూ పెట్టకుండా చదువుతూ పోయాను.

రైలు వెళ్లిపోయిన పేజీ వచ్చింది. ఆకు తెగే చప్పుడు ఆగిపోయింది. నా గొంతు వింటూ వాళ్ల చేతులు ఆగడం అదే మొదటిసారి. వాక్యాలు ఆమెవి.

"ఆపేశారేంటండీ? చదవండి" అంది పక్కింటావిడ.

చదివాను. అన్న చేతిలోని కాడకు ఆకులన్నీ అట్లాగే ఉన్నాయి.