డాక్టరమ్మ ముట్టొద్దన్న మందు

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో కుర్రకారుకు చావంటే భయముండదంటారు. నాకు బాగానే ఉండేది. కాకపోతే అంతకన్నా పెద్ద భయం మా నాయన. ఆయన కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషీ కాదు. ధర్మవరంలో మగ్గం గుంతలో కూర్చుని పట్టుచీర నేస్తూ, తప్పు చేసిన కొడుకు వైపు ఒక్క చూపు చూసి, మళ్లీ నేతలో పడిపోయేవాడు. ఆ చూపు కన్నా నాలుగు దెబ్బలు నయం. అందుకే హిందూపురంలో ఓ కంపెనీలో గుమాస్తాగా చేరి, గదిలో స్నేహితులతో నెలకోసారి రెండు గుక్కలు రుచి చూడటం నేర్చుకున్న సంగతి మా వీధి దాకా పోకుండా జాగ్రత్తపడుతూ వచ్చాను. (రెండు గుక్కలే అని ఇక్కడా రాస్తున్నానంటే, ఆ భయం ఇంకా పూర్తిగా పోలేదన్నమాట.)

అప్పట్లో నా కింది దవడ పన్నుకు చీము పట్టి, చెంప బూరెలా ఉబ్బింది. హిందూపురంలోనే ఓ పళ్ల డాక్టరమ్మ దగ్గరికి పోతే, రెండు రకాల మాత్రలు రాసిచ్చి, "ఐదు దినాలు వేసుకో. ఈ ఐదు దినాలూ మందు మాత్రం ముట్టొద్దప్పా" అంది. నొప్పిలో తలూపేశాను. గదికొచ్చాక తీరిగ్గా ఆలోచించాను. ఈమే మందు రాసిచ్చి, మళ్లీ ఈమే మందు ముట్టొద్దంటే అర్థమేమిటి? వేరే మందు ముట్టొద్దనే కదా! అంతే, పంటికి పెట్టుకుంటున్న లవంగ నూనె ఆపేశాను. జలుబు చేస్తే ఆవిరి పట్టుకోవడానికి కూడా ఒప్పుకోలేదు. గదిలో వాళ్లు బతిమాలినా, "డాక్టరమ్మ ముట్టొద్దనింది" అని భీష్మించుకున్నాను. అంత క్రమశిక్షణ నాకు పరీక్షలప్పుడు కూడా లేదు.

మూడో రోజు పెనుకొండలో మా చిన్నాయన కూతురి పెళ్లి. ముహూర్తం అయిపోయి భోజనాలకు లేస్తున్న వేళ మా అక్క మొగుడు, అంటే మా బావ, సైగ చేసి నన్ను మండపం వెనక్కి తీసుకుపోయాడు. అక్కడ స్టీలు గ్లాసులో బ్రాందీ సిద్ధంగా ఉంది. "పన్ను నొప్పి బావా, మాత్రలు మింగుతాండా" అన్నాను. "ఇంకేమి మరి! ఇది పడితే పంట్లో పురుగు గూడా సచ్చాది బామ్మర్దీ" అన్నాడు. వైద్యపరంగా నాకది చాలా సబబుగా తోచింది. తాగేశాను.

గ్లాసు కింద పెట్టాక బావకు నా మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది. నా జేబులోంచి మాత్రల అట్ట లాగి, దాని పేరు ఫోన్లో కొట్టి చదవడం మొదలుపెట్టాడు. "బామ్మర్దీ, దీని మీద తాగకూడదంట. మొగం ఎర్రబడతాదంట." నా మొహం భగ్గుమంది. "గుండె దడ అంట." దడ మొదలైంది. "వాంతులు..." పరుగెత్తుకుని గోడ దగ్గరికి పోయాను. డాక్టరమ్మ చెప్పింది ఏ మందో అప్పుడు తెలిసొచ్చింది. నేను తిరిగొచ్చేసరికి బావ లేడు, గ్లాసూ లేదు. ఎదురుగా నాయన. "పదరా, ధర్మవరం బస్సొచ్చింది" అన్నాడు.

బస్సులో ఆయన పక్కనే కూర్చోవాల్సి వచ్చింది. గుండె మా ఇంటి మగ్గంలా కొట్టుకుంటోంది. ఇరవై నాలుగేళ్లకే పోతున్నానని నిశ్చయించుకుని, కిటికీ వైపు తిరిగి మెల్లగా డాక్టరమ్మకు ఫోన్ చేశాను.

"మేడమ్, మొన్న పన్ను చూపించుకున్యానే... నేను మందు తాగినా మేడమ్."

"మంచిది. నొప్పి తగ్గిందా?"

"అది కాదు మేడమ్. గ్లాసుడు తాగినా."

"గ్లాసుడు నీళ్లతో వేసుకుంటే ఇంకా మంచిది."

"నీళ్లు కలపలేదు మేడమ్!"

"ఏమప్పా నువ్వు! మందు మధ్యలో మానొద్దు, ఐదు దినాలూ తాగు. ఈడ జనం ఉండారు" అని పెట్టేసింది.

ఇక దిక్కు లేదు. "నాయనా, నేను మందు తాగినా" అన్నాను, కళ్లు మూసుకుని.

"తాగల్ల గదరా, పంటికి. అన్నం తిన్నాక తాగితివా, ముందేనా?"

"ముందే."

"అదీ తప్పు. కడుపులో మంట పుడతాది."

నాకు ఏడుపొచ్చింది. "ఆ మందు కాదు నాయనా. బ్రాందీ!" అన్నాను.

నాయన నా వైపు చూశాడు. అదే చూపు. కానీ ఈసారి తల తిప్పుకోవడానికి అక్కడ మగ్గం లేదు. నా చేత మళ్లీ అదే నంబరుకు చేయించి, స్పీకరు పెట్టించి, ఫోన్ లాక్కున్నాడు. (జీవితమంతా మగ్గం చప్పుడులో గడిపిన మనిషి, స్పీకరు పెడితే గాని వినపడదు.) "అమ్మా, నేను వాని నాయన్ని. వాడు తాగింది నీ మందు కాదమ్మా, బ్రాందీ! బతుకుతాడా తల్లీ?" అని గట్టిగా అడిగాడు. బస్సులో తలలన్నీ మా వైపు తిరిగాయి. డ్రైవరు కూడా అద్దంలోంచి చూశాడు.

డాక్టరమ్మ ఎంత తాగాడు, ఎంతసేపైంది, ఊపిరి ఆడుతోందా అని ఒక్కొక్కటే అడిగింది. నాయన నన్నడిగి అన్నీ చెప్పాడు. "సావడులే పెద్దాయనా" అంది చివరికి. "అన్ని మాత్రలకూ ఇట్ల కాదు గానీ, దీని మీద తాగితే కొందరికి దడ, వాంతులు వస్తాయి. నీళ్లు తాపించండి. తగ్గకపోయినా, ఊపిరాడకపోయినా వెంటనే ఆస్పత్రికి తోలుకపోండి. రాత్రి మాత్ర వేసుకునే ముందు నాకు ఫోన్ చేయండి. కోర్సు అయినాక గూడా మూడు దినాలు తాగకూడదు."

"మూడు దినాలేందమ్మా, జన్మలో ముట్టడు!" అని నాయన నా తరఫున మాటిచ్చేశాడు.

ముందు సీట్లో అవ్వ ఒకామె వెనక్కి తిరిగి, "బిడ్డ దక్కినాడు, అదే పదివేలు" అంటూ తన నీళ్ల సీసా ఇచ్చింది. సగం సీసా తాగేసరికి దడ కాస్త నెమ్మదించింది. అమ్మయ్య అనుకున్నాను. నాయన మాత్రం నా మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు. ఆయనకు నాడి చూడటం రాదు. పట్టు దారం పోగు తెగిందో లేదో చూసినట్టు వేళ్లతో తడుముతూనే ఉన్నాడు. ధర్మవరం బస్టాండులో దిగేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

పెళ్లికి రాకుండా ఇంటి దగ్గరే ఉండిపోయిన అమ్మ నన్ను చూసి, "ఏమాయరా, మొగమట్ల ఉండాది?" అని కంగారుపడింది. "వానికి మందు పడలేదులే" అన్నాడు నాయన, మగ్గం గుంతలోకి దిగుతూ. అబద్ధమాడటం ఎరగని మనిషి, ఆ రోజూ ఆడలేదు. అమ్మ సాయంత్రం దాకా డాక్టరమ్మను తిట్టిపోసింది.

ఆయన నా తరఫున ఇచ్చిన మాట నేను జన్మంతా నిలబెట్టుకున్నానని రాసుకోవాలని ఉంది గానీ, ఈ వయసులో అబద్ధాలెందుకు? మాత్రలు వేసుకునే రోజుల్లో మాత్రం చుక్క ముట్టను, డాక్టరు చెప్పింది అర్థం కాకపోతే సిగ్గుపడకుండా ఇంకోసారి అడుగుతాను. ప్రాణం పోతోందనుకుంటూ కూడా బ్రాందీ అనే రెండక్షరాలు నోరు దాటక కిటికీ వైపు తిరిగి గుసగుసలాడిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. నాయనకు తెలిస్తే పరువు పోతుందని వాడి బెంగ. ఆ నాయనేమో తన పరువు సంగతే మరిచిపోయి, బస్సు నిండా జనం వింటుండగా వాడి కోసం ఓ డాక్టరమ్మను తల్లీ అని పిలిచి బతిమాలుకున్నాడు.