హ్యూస్టన్ ఎండలో టెరికాట్

1982 జూన్. హ్యూస్టన్‌లో ఒక సర్వే కంపెనీలో నేను పార్టీ చీఫ్‌ని. పేరు పెద్దదే గానీ, ముగ్గురు మనుషుల్నీ ఒక ట్రాన్సిట్‌నీ వెంటేసుకుని కాలవగట్ల మీద తిరగడమే పని. ట్రాన్సిట్ అంటే మూడు కాళ్ల మీద నిలబెట్టి కోణాలు కొలిచే యంత్రం. ఆ ఎండలో తూలకుండా నిలబడేది అదొక్కటే. అక్కడి గాలిని పీల్చనక్కర్లేదు, గ్లాసులో పోసుకు తాగొచ్చు.

మా క్రూలోకి కొత్తగా మూర్తిగారొచ్చారు. నాకన్నా పదేళ్లు పెద్ద, లెక్కల్లో దిట్ట. ఆయన గ్రీన్‌కార్డ్ ఈ ఉద్యోగం మీదే ఆధారపడి ఉంది. చిక్కల్లా ఆయన చొక్కాలతోనే. అమెరికా ప్రయాణమని అరడజను టెరికాట్ చొక్కాలు కుట్టించుకొచ్చారు. నలగవు, మెరుస్తాయి, గాలిని మాత్రం లోపలికి రానివ్వవు. వాటి కింద బనియను. మొదటి రోజు టై కూడా కట్టుకొచ్చారు, బతిమాలి విప్పించాను. మిగతా ఇద్దరు అమెరికన్లు అసలు చొక్కాలే వేసుకునేవారు కాదు. సాయంత్రానికి ఉడికిన రొయ్యల్లా తయారయ్యేవారు.

మొదటి వారంలోనే మూర్తిగారు ట్రాన్సిట్‌లోకి చూస్తూ చూస్తూ గడ్డి మీద కూర్చున్నారు. తర్వాత పడుకున్నారు. డాక్టరు ‘హీట్ ఎగ్జాషన్’ అన్నాడు. అంటే చెమట ఆరక, ఒంట్లో వేడి బయటికి పోక మనిషి సోలిపోవడం. దానికితోడు ఆయన తీసిన లైన్ క్లోజ్ కాలేదు. మొదలుపెట్టిన చోటికే తిరిగొచ్చి కొలిస్తే లెక్క సరిపోవాలి. దాన్నే క్లోజ్ అవడం అంటాం. కళ్లలోకి చెమట కారుతుంటే ఏ లెక్క సరిపోతుంది?

మా సూపర్‌వైజర్ ఫ్రాంక్ తేల్చేశాడు: “సోమవారం మళ్లీ కొలవమను. ఇంకోసారి పడిపోతే ఫీల్డ్‌కి పనికిరాడని రాసేస్తా.”

ఆ సాయంత్రం మూర్తిగారింటికి వెళ్లాను. ఆయన నూలు లుంగీలో హాయిగా తలుపు తీశారు.

“ఏసీలో నూలు, ఎండలో టెరికాట్. తిరగేసి కట్టుకుంటున్నారేమో చూసుకోండి,” అన్నాను.

“నూలు చొక్కా తొడుక్కెళ్తే కూలివాడనుకోరుటయ్యా?”

“ఇప్పుడు పేషెంటనుకుంటున్నారండీ.”

ఆయన భార్య శారదగారు వంటింట్లోంచి వచ్చారు. “బాగా చెప్పావు బాబూ. పెట్టెలో కొత్త పంచెలున్నాయి. కుట్టుమిషనూ ఉంది. రెండు చొక్కాలు కుట్టేస్తాను.”

“నా జరీ పంచెలా!” అన్నారు మూర్తిగారు, ఆస్తి జప్తు చేస్తున్నట్టు.

“కడితే ఏసీలోనే కట్టాలి. ఉద్యోగం పోతే ఏసీ కూడా ఉండదు,” అన్నారావిడ. వాదన ముగిసింది.

సోమవారం మూర్తిగారు వదులు వదులుగా, చేతులు మణికట్టు దాకా ఉన్న తెల్ల చొక్కాలో దిగారు. పంచె అంచు కఫ్‌ల మీదకొచ్చి తళతళలాడుతోంది. తలకి పెద్ద అంచున్న గడ్డి టోపీ, ముక్కుకి తెల్లటి జింక్ ఆయింట్‌మెంట్, ఫ్లాస్కులో ఉప్పేసిన మజ్జిగ. పెళ్లికొడుకూ దిష్టిబొమ్మా ఒకే ఒంట్లో దూరినట్టున్నారు. మా వాళ్లిద్దరూ పగలబడి నవ్వారు.

మధ్యాహ్నానికి ఆ నవ్విన వాళ్లిద్దరూ ట్రక్కు నీడలో వీపులకి తడిగుడ్డలు వేసుకుని మూలుగుతున్నారు. చివరికి కొలకర్ర నేనే పట్టుకున్నాను. మూర్తిగారు మజ్జిగ తాగుతూ, కోణాలు చదువుతూ, గట్టంతా తిరిగొచ్చి మొదలెట్టిన మేకు దగ్గర నిలబడ్డారు. లెక్క కట్టాం. లైన్ వెంట్రుకవాసి తేడా లేకుండా క్లోజ్ అయింది.

ఫ్రాంక్ కాగితం చూశాడు, మనిషిని చూశాడు, ఆఖరికి కఫ్ పట్టుకు చూశాడు. “ఇదెక్కడ కొన్నావ్?”

“కస్టమ్ మేడ్, ఇండియన్ కాటన్,” అన్నారు మూర్తిగారు గంభీరంగా.

“నాకొకటి దొరుకుతుందా?”

మూర్తిగారు నావైపు తిరిగి తెలుగులో మెల్లగా అన్నారు: “ఏమయ్యా, ఇంకో పంచె పోయినట్టేనా?”

పోయింది. ఫీల్డ్‌కి పనికొస్తాడని ఫ్రాంక్ ఆ వారమే రాసిచ్చాడు, జరీ కఫ్‌ల చేత్తోనే.

ఉక్కపోతలో బట్ట తగ్గించడం కాదు, ఒళ్లంతా కప్పుతూనే గాలాడనివ్వడం ముఖ్యమని నాకక్కడ అర్థమైంది. ఇప్పుడు నా క్రూలోకి ఎవరొచ్చినా ముందు చొక్కా గుడ్డ పట్టుకు చూస్తాను. డిగ్రీ సంగతి తర్వాత.