రెండెడ్ల కంప్యూటర్

నాకూ ఆటలాడుకోవాలని ఉందని నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేకపోయాను. అంతకు మించిన తెలివితక్కువ పని నా జన్మలో చేయలేదు. మొన్న పాత సామాన్లు కొనే ఆటో మైకు మోగించుకుంటూ హాలియాలో మా జిరాక్సు షాపు ముందు ఆగినప్పుడు, మూలన దుమ్ముపట్టిన కంప్యూటర్‌ని చూస్తే అదంతా మళ్ళీ కళ్ళముందు తిరిగింది. కళ్ళముందు అంటే, ఉన్న ఒక్క కంటి ముందు.

ఒకప్పుడు నేను లారీ డ్రైవర్ని. బియ్యం బస్తాలు వేసుకుని మన్ననూరు దాటి నల్లమల ఘాటు ఎక్కుతుంటే, ఒక్కో మలుపులో అడవి తలుపు తీసి మూసినట్టుండేది. ఇంజను వేడి పాదాలకు తగులుతుంటే ఇంటి ధ్యాసే ఉండేది కాదు, మా ఆవిడ ఇవి చదవదన్న ధైర్యంతోనే రాస్తున్నాను. తర్వాత షుగరు వచ్చి కుడికన్ను చూపు పోయింది, దాని వెనకే స్టీరింగూ పోయింది. తెలంగాణ వచ్చిన కొత్తలో ఈ షాపు పెట్టాను. దరఖాస్తులకూ పెళ్ళికార్డులకూ కంప్యూటర్ కావాలని ఇంట్లో చెప్పింది నిజమే. చెప్పనిదేమిటంటే, అందులో లారీ నడిపే ఆట ఒకటి ఉంటుందని, గేర్లూ అద్దాలూ ఘాట్ రోడ్లూ అచ్చం అసలువాటిలాగే ఉంటాయని విన్నాను. అక్కడ గుద్దినా ఎవరికీ ఏమీ కాదు, కన్ను లేదని దింపేసేవాళ్ళూ ఉండరు.

ఎద్దుల నుంచి బోరు మోటారు దాకా మా ఇంట్లో ఏది కొన్నా అక్క మొగుడు, మా బావ, చేత్తో తట్టి సరేననాల్సిందే. నల్లగొండలో కంప్యూటర్ల షాపతను కూడా బావతోనే మాట్లాడాడు. ప్రాసెసర్‌లో పని లాగేవి కోర్లని, రెండు ఉన్నదీ నాలుగు ఉన్నదీ దొరుకుతాయని చెప్పాడు.

"బండికి రెండెడ్లు సాలవా? నాలుగు కడితే గడ్డి దండుగ," అన్నాడు బావ.

"ఇంట్ల ఆటలు గిట్ల ఎవరన్న ఆడుతరా సార్? ఆడితె నాలుగుదే మంచిగుంటది," అని అతను నావైపు చూశాడు.

నేను గొంతు సవరించుకునేలోపే బావ నవ్వేశాడు. "మా బామ్మర్దికి మీసాలు నెరిసినయ్. గీ వయసుల ఆటలేందయ్యా? పనికి సరిపోతది, గదే ఇయ్యి."

కోర్ల సంగతి తేలింది, నా కోరిక సంగతి మునిగింది.

పెళ్ళికార్డులకు ఏ లోటూ లేదు. లారీ మాత్రం మొదటి మలుపు దగ్గరే బిగుసుకుపోయేది. ప్రాసెసర్ మార్పిద్దామని వెళ్ళేసరికి కంప్యూటర్ లోపలి బోర్డులో కూర్చునే రకం రావడమే మానేసిందట. ఇప్పుడు దరఖాస్తులూ పెళ్ళి పిలుపులూ అందరి ఫోన్లలోనే. ఏ పని కోసం నా ఆట పోయిందో, ఆ పనీ పోయింది.

మొన్న ఆటో ఆగినప్పుడు బావ షాపులోనే ఉన్నాడు. మోకాళ్ళు అరిగి పొలం మానేశాక, పొద్దుపోక రోజూ వచ్చి కూర్చుంటున్నాడు. అమ్మేముందు ఒక్కసారి ఆడి చూడమని అతన్ని కూర్చోబెట్టి ఆట పెట్టాను. లారీ కదలగానే ముసలిమొహం చిన్నపిల్లాడిదైంది. ముందుకు వంగి, రెండు చేతులా కీబోర్డు పట్టుకున్నాడు. మలుపు వచ్చింది.

"ఏందిరా, ఆగిపాయె?"

"పనికి సరిపోతది బావా," అన్నాను. "గీ వయసుల ఆటలేంది?"

బావ కీబోర్డు వదల్లేదు. బయట మైకు దూరమైపోయింది. ఆ మలుపు అవతల ఏముందో తెలియని ఇద్దరు ముసలాళ్ళం, కదలని రోడ్డును చూస్తూ కూర్చున్నాం.