మస్తాన్ బాబాయి వెలుతురు

పోయిన వారం తిరువూరు బస్టాండులో దిగి నడుస్తుంటే, ఎవరి షాపులోంచో వార్నిష్ ఆరుతున్న వాసన వచ్చింది. కొత్తగా చుట్టిన మోటారు కాయిల్ మీద పోసి ఎండబెట్టే వార్నిష్. తియ్యగా, కాస్త ఘాటుగా ఉంటుంది. నా కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. మధ్యాహ్నపు ఎండలో వీధంతా నీళ్ల అడుగున ఉన్నట్టు మెల్లగా కదులుతోంది. ఆ కాసేపూ మా పక్కింటి మస్తాన్ బాబాయి ఇంకా బతికే ఉన్నాడనిపించింది.

బాబాయి మోటార్లు రిపేరు చేసేవాడు. కుర్రతనంలో రేచీకటితో మొదలైన జబ్బు ఏటేటా చూపుని అంచుల నుంచి కొరుక్కుంటూ వచ్చి, నలభై ఏళ్లకి పూర్తిగా చీకటి చేసేసింది. అయినా షాపు మూయలేదు. రాగి తీగ వేళ్ల మధ్య జారుతుంటే, పెదవులు కదుపుతూ చుట్లు లెక్కపెట్టుకునేవాడు. రెడ్డిగూడెం నుంచి బోరు మోటారు తెచ్చిన మామిడితోట రైతు ఒకాయన గుమ్మంలోనే ఆగి, "చూపు లేనాయన ఎట్లా చేస్తాడండి?" అని బాబాయి భార్య ఫాతిమా పిన్నిని అడగడం నాకు గుర్తు. పిన్ని నోరు తెరిచేలోపే బాబాయి లోపలి నుంచి, "కాలిపోయిన మోటారులో మీకు మాత్రం ఏం కనబడిందండి? ఇటివ్వండి," అన్నాడు. రైతు నవ్వేసి మోటారు దింపాడు.

ఆయన్ని చూస్తూ పెరగబట్టే కావచ్చు, నేను కళ్లకి సంబంధించిన చదువే చదివి హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో చేరాను. చూపు పోయినవాళ్లకి శిక్షణ ఇవ్వడం నా పని. కొన్నేళ్లకి అక్కడ ప్రయోగాత్మకంగా ఒక ఆపరేషన్ మొదలైంది. కంటి వెనక పొర మీద బియ్యపు గింజంత చిప్ అమరుస్తారు. కళ్లజోడులోని కెమెరా చూసినదాన్ని, నడుముకి కట్టుకున్న చిన్న పెట్టె సంకేతాలుగా మార్చి ఆ చిప్‌కి పంపుతుంది. బాబాయి జబ్బుకి ఇది పనికొస్తుందని తెలియగానే తిరువూరు పరుగెత్తుకొచ్చాను. "చూపొస్తుందా తల్లీ?" అని అడిగాడు. "వస్తుంది బాబాయ్. పిన్ని మొహం చూస్తావు," అన్నాను. తర్వాత డాక్టర్లు ఏది సాధ్యమో, ఏది కాదో విడమరిచే చెప్పారు. కానీ ఆయన నమ్మింది నా మాట.

ఆపరేషన్ అయిన కొన్ని వారాలకి, మా ఆసుపత్రిలో పెట్టె మొదటిసారి ఆన్ చేసిన ఉదయం పిన్ని కొత్త చీర కట్టుకొచ్చింది. ఎదురుగా కూర్చుని కొంగు సర్దుకుని, "కనిపిస్తున్నానా?" అంది. బాబాయి కళ్లజోడు సర్దుకుని మెడ ముందుకు చాచాడు. "ఏవో మెరుస్తున్నాయి ఫాతిమా, మిణుగురుల్లాగా. నువ్వేదో కిటికీ ఏదో తెలియట్లేదు," అన్నాడు చివరికి. పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. ఒక్క అబద్ధమాడితే ఆయన సొమ్మేం పోయిందని నాకు కోపం కూడా వచ్చింది. అప్పుడాయన నా వైపు తిరిగి, "నీకే తెలియనప్పుడు, చూపొస్తుందని ఎందుకు చెప్పావమ్మా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. అందుకే తలెత్తలేకపోయాను.

ఆ తర్వాత నెలల తరబడి శిక్షణ. నల్లగుడ్డ మీద తెల్ల ప్లేటు పెట్టేదాన్ని. తల అటూ ఇటూ తిప్పుతూ వెతికేవాడు. ఆ తడబాటు చూడలేక, "ఎడమ పక్కన బాబాయ్," అనేసేదాన్ని. ఒకరోజు విసుక్కున్నాడు. "నువ్వు చెప్పేశాక అది నీ చూపే అవుతుంది. నన్ను వెతుక్కోనీ." నోరు కట్టేసుకోవడం నాకు చదువుకన్నా కష్టమైంది.

ఒక సాయంత్రం ఆసుపత్రి వరండా చివరి కిటికీ పడమటి ఎండతో నిండిపోయి ఉంది. బాబాయి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. పిన్ని చెప్పులు విప్పేసి, చప్పుడు కాకుండా కిటికీ ముందు నుంచి దాటింది. బాబాయి మెడ నెమ్మదిగా ఆమె వెంట తిరిగింది. "వెలుగులో ఏదో నడుస్తోంది," అన్నాడు. "అడుగడుగుకీ కుడివైపు వాలుతోంది." గొంతు తగ్గించి అడిగాడు. "ఫాతిమా, మోకాలు ఇంత నొప్పిగా ఉందా?"

ఆయన చూపు పోయాకే ఆమె అలా కుంటడం మొదలైంది. ఇన్నేళ్లూ "ఏం లేదులే" అన్న ఆమె మాటే ఆయన విన్నాడు. పిన్ని అక్కడే గోడ వారన చతికిలబడి ఏడ్చింది.

తిరువూరు తిరిగొచ్చాక బాబాయి మొదట చేసిన పని పిన్నిని మోకాలి డాక్టరుకి చూపించడం. ఆ తర్వాత రెండేళ్లు, మసక చీకటి పడే వేళకి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. గంపలగూడెం నుంచి వచ్చే షేరాటోల లైట్లు ఒకదాని వెంట ఒకటి వస్తుంటే, "వెలుగు వాగులా పారుతోందమ్మా," అని ఫోనులో చెప్పేవాడు. తర్వాత పెట్టె పనిచేయడం మానేసింది. తయారు చేసినవాళ్లు ఆ రకం ఆపేశారు. ఎన్నిచోట్ల అడిగినా విడిభాగాలు దొరకలేదు. ఆ మాట చెప్పడానికి నేనే వచ్చాను.

"కోపంగా ఉందా బాబాయ్?"

"ఎందుకుండదు? మోటారైతే మళ్లీ చుట్టుకునేవాణ్ణి. చీకటి నాకు పాతదే గానీ, ఈసారి బరువుగా ఉంది తల్లీ," అన్నాడు. కాసేపటికి, "రేపు ఇంకెవరికైనా పెట్టేటప్పుడు ఇది కూడా ముందే చెప్పు," అన్నాడు. నిరుడు వానల్లో ఆయన పోయాడు.

ఇప్పుడు కొత్తరకం చిప్‌ల కోసం వచ్చేవాళ్లకి, మొహాలు కనిపించకపోవచ్చనీ, యంత్రం ఎప్పుడైనా ఆగిపోవచ్చనీ మొదటే చెబుతాను. కొందరు లేచి వెళ్లిపోతారు. ఉండిపోయినవాళ్ల ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చుంటాను. మొన్న ఒక రిటైరైన టీచరమ్మ బల్ల మీద గ్లాసు కోసం వెతుకుతుంటే, కొడుకు ఆగలేక "అదిగోనమ్మా" అనబోయాడు. వద్దని సైగ చేశాను. ఆమె తల మెల్లగా తిరుగుతోంది. గ్లాసు దాటిపోయింది, మళ్లీ వెనక్కి వచ్చింది. చెప్పేయాలన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని ఇవాళ్టికీ బలవంతంగానే మింగుతాను.