పొట్టు అన్నవాళ్ళే కళ్ళకు అడ్డుపడ్డారు

మీరు చనిపోయిన రోజున మీ కళ్ళ మీద ఎవరి మాట చెల్లుతుందో ఎప్పుడైనా అడిగి తెలుసుకున్నారా? మీ మాట మాత్రం కాదు. బతికుండగా సంతకం చేసిన కాగితం ఉంది కదా అని నిశ్చింతగా ఉంటే, ఆ భ్రమ ఇప్పుడే వదులుకోండి. మా అక్క కూడా అలాగే ఉండింది. నేత్రదానం కార్డు రేషన్ కార్డుతో కలిపి ఒకే ప్లాస్టిక్ కవర్లో దాచుకుంది. ఆమె పోయిన రోజు సిద్దిపేటలో ఆ ఇంటి ముందు జరిగింది తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ నోరు చేదవుతుంది.

అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. దుబ్బాకలో అత్తగారింట మగ్గాలకు కండెలు చుట్టి, నూలుకు గంజి పట్టించి ముప్పై ఏళ్ళు గడిపింది. బావ పోయాక కొడుకుతో సిద్దిపేట వచ్చింది. వాళ్ళ కిరాయి ఇంటికి రెండు సందుల అవతల రేకుల కప్పు ప్రార్థన మందిరం ఒకటి ఉంది. అక్కడ చేరింది. యాభై ఏళ్ళు దాటాక అక్కడే అక్షరాలు నేర్చుకుంది. ఆ ఒక్క పనికి ఆ మందిరాన్ని నేను మెచ్చుకుంటాను, మిగతా దేనికీ మెచ్చుకోను.

నేను దేవుణ్ణి నమ్మను. కాలేజీ రోజుల్లో ఊరూరా తిరిగి చర్చలు పెట్టే ఒక బృందంలో చేరాను. బాణామతి లేదు, దయ్యం పూనదు అని బెజ్జంకి నుంచి మిరుదొడ్డి దాకా రచ్చకట్టల మీద వాదించినవాళ్ళం. మాకు పెద్దలు నేర్పిన పద్ధతి ఒకటుంది. ఒకే ప్రశ్న పట్టుకోవాలి. జవాబు వచ్చేదాకా వదలకూడదు. ఎదుటివాణ్ణి పక్కకు తప్పుకోనీయకూడదు. మాట్లాడుతున్నది అతనితోనే అయినా చూపు జనం మీద ఉండాలి. ఈ పద్ధతి నాకు ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయింది.

ఆ మందిరం గోడకు ఒక ఫ్లెక్సీ ఉండేది. దాని మీద ఒకదాని లోపల ఒకటిగా మూడు వలయాలు. బయటిది శరీరం, నడిమిది ప్రాణం, లోపలిది ఆత్మ. కోపం, దుఃఖం, ఆశ ఉండేది ప్రాణంలోనట. దేవుడు వచ్చి కూర్చునేది ఆత్మలోనట. మరి శరీరం? పాస్టరు కర్రతో బయటి వలయం మీద కొట్టి చెప్పేవాడు, అది వడ్లగింజ మీది పొట్టు అని. చెరిగి పారబోసేదాని మాట వినకండి అని.

ఆ మాట అక్కడి ఆడవాళ్ళ మీద ఎలా పనిచేసిందో నేను కళ్ళారా చూశాను. మూడు రోజుల ఉపవాస ప్రార్థన రెండో రోజు అక్కను తీసుకుపోదామని వెళ్ళాను. షుగరు జబ్బున్న ఒక కూలీ తల్లి సిమెంటు గచ్చు మీద పడి ఉంది. పెదాల పక్కన పసుపు పచ్చని కక్కు, దాని మీద ఈగలు. నలుగురు ఆమె తల మీద చేతులు పెట్టి గట్టిగా ప్రార్థిస్తున్నారు. మా అక్క ఒక్కతే వాళ్ళను నెట్టుకుంటూ వచ్చి, చెంగు ముడి విప్పి, ఆమె నాలుక మీద చక్కెర పోసింది. కాసేపటికి ఆమె కళ్ళు తెరిచింది. పాస్టరు మైకులో అన్న మాట ఇదీ: "చెల్లె ఆత్మ సిద్ధమే గని, శరీరమే ఇంక లొంగలేదు."

కక్కు చూసి నాకు రోత కలగలేదు. ఆ మాట విన్నాక కలిగింది.

ఇంటికి నడుస్తూ అక్క మీద విరుచుకుపడ్డాను.

"ఇంక పోతవా అక్కా గా మందిరానికి?"

"పోత. నువ్వు కోపానికి వస్తే నేను దేవున్ని మానుకుంటనా తమ్మీ?"

"పొట్టు అంటుండు గదనే మనిషి ఒళ్ళును."

"గాయన కండెలు చుట్టలేదురా, గంజి వెట్టలేదు. ఆయనకేం తెలుసు. నూలుకు గంజి ఇంకినంక, గంజి ఎంత నూలు ఎంత, పిండి చూపియ్యి అంటే ఎవలు చూపిస్తరు? మనిషి గట్లనే. ఒళ్ళు, పానం, ఆత్మ అని బైబిల్ వాక్యంల మూడు పేర్లున్నయి. మూడు పేర్లున్నయని మూడు డబ్బాలున్నట్టా?"

"మరి గీ మాట ఆయనతోని చెప్పక పోయినవ్?"

"చెప్పిన. ముసల్దానివి, కూసో అన్నడు. కూసున్న." నవ్వింది. "నువ్వు నాస్తికునివైతే ఏమాయె, నువ్వన్న నన్ను కూసోమంటలేవు."

నిజం చెప్పాలంటే, అక్క చెప్పినదే పాత క్రైస్తవ బోధకు దగ్గర. మనిషి మూడు భాగాలు అనేవాళ్ళున్నారు, ప్రాణం, ఆత్మ ఒకదానికే రెండు పేర్లు అనేవాళ్ళున్నారు. చర్చల సాధన కోసం నేను రెండు పక్షాలూ వాదించినవాణ్ణే. కానీ దేహాన్ని చెత్త అనమని ఏ పక్షమూ చెప్పదు. దేవుడే దేహం ధరించి వచ్చాడనీ, చివరికి దేహాలే లేస్తాయనీ నమ్మే మతం అది. నేను ఆత్మ అనే వస్తువే లేదంటాను. మెదడు చేసే పనికి మనం పెట్టుకున్న పేరు అది అంటాను. అయినా మా అక్కతో నాకు పేచీ రాలేదు. ఎందుకంటే ఇద్దరికీ మనిషి ఒళ్ళంటే గౌరవమే. పేచీ ఆ పొట్టు బోధతోనే.

ఆ తర్వాత ఏడాది సర్కారు దవాఖానలో అక్కకు శుక్లాల ఆపరేషన్ అయింది. పక్క మంచం మీద ఒక పిల్ల, పదిహేనేళ్ళుంటాయేమో. చిన్నప్పుడు కంటికి పుండు పడి నల్లగుడ్డు తెల్లబారిపోయింది. ఎవరైనా చనిపోయినవాళ్ళ కన్ను దొరికితే చూపు వస్తుందని డాక్టరు ఆ పిల్ల తల్లికి చెప్తుంటే అక్క వింది. వెంటనే అడిగింది.

"సారూ, ఆపరేషనైన కండ్లు గూడ పనికొస్తయా?"

పనికొస్తాయన్నాడు. అక్కడే కార్డు నింపింది. నేను సాక్షి సంతకం చేశాను.

"నీ పాస్టరేమంటడో," అన్నాను.

"ఏమంటడు? మట్టిల నుంచి మనిషిని చేసినోనికి ఆడ నాకు రెండు కొత్త కండ్లు చేసుడు కష్టమా? ప్రభువు తన ఒళ్ళే పంచి ఇచ్చిండు. నావి రెండు గుడ్లు, గంతే." తరువాత గొంతు కొంచెం తగ్గించి అన్నది: "నా కొడుకు మెత్తనోడు తమ్మీ. పదిమంది ఏదంటే అది అంటడు. నేను పోయిన్నాడు నువ్వు ఉండి చూసుకో. నీ పని అది."

నా పని అది. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

అక్క ఒక ఆదివారం పొద్దున ఏడు గంటలకు పోయింది. గుండె ఆగింది. పావుగంటలో నేను వెళ్ళాను. కంటి బ్యాంకుకు ఫోన్ చేశాను. వాళ్ళు చెప్పినట్టే రెప్పలు మూసి, తడి దూది పెట్టి, తల కింద దిండు ఎత్తుగా పెట్టి, కళ్ళు ఎండిపోకుండా ఫ్యాను ఆపేశాను. ఆరు గంటల్లోపు తీయాలి, అంటే ఒంటిగంట లోపు. పదిన్నరకు హైదరాబాద్ నుంచి బండి వచ్చింది. ఒక చిన్న డబ్బా పట్టుకుని ఒక అమ్మాయి దిగింది, వెంట ఒక సహాయకుడు. ఇరవై నిమిషాల పని, ముఖం మీద మచ్చ కూడా కనబడదు అని చెప్పింది. కార్డు చూసింది. కార్డున్నా కొడుకు సంతకం లేకుండా తాము ముట్టుకోలేమన్నది.

అక్క కొడుకు, మా అల్లుడు, కలం పట్టుకున్నాడు. అదే సమయానికి ఆరాధన ముగించుకుని మందిరం మందిరమంతా వాకిట్లోకి వచ్చింది, ముందు పాస్టరు.

సంగతి విని ఆయన ముఖం మాడ్చుకున్నాడు. "బాబూ, ఆగు. కండ్లు తీసేసి పండవెడితే పునరుత్థాన దినాన మీ అమ్మ ఎట్ల లేస్తది? ప్రభువును దేనితోని చూస్తది? దేహం దేవుని ఆలయం. దాన్ని కోయనియ్యద్దు."

నేను విన్నది నిజమేనా అనిపించింది. బతికున్నన్నాళ్ళూ ఆ ఆడవాళ్ళ ఆకలి పొట్టు, మోకాళ్ళు పొట్టు, షుగరు పొట్టు. ఊపిరి ఆగిన నాలుగు గంటలకే అదే ఒళ్ళు ఆలయమైపోయింది. జనం వైపు తిరిగాను.

"పాస్టర్ గారూ, ఒక్కటే అడుగుత. నీ గోడ మీద బయటి గీత ఏంది?"

"అన్నా, ఇది సమయం కాదు. జర పక్కకు రా, మాట్లాడుకుందం."

"పక్కకెందుకు, అందరు విననియ్యి. బయటి గీత ఏంది?"

"శరీరం."

"దాన్నేమంటవ్ నువ్వు ఆదివారమాదివారం?"

ఎవరో ముసలాయన వెనక నుంచి "పొట్టు అంటడు" అన్నాడు. నాకు చాలా బాగా అనిపించింది. ఆ సంగతి దాచను.

డబ్బా పట్టుకున్న అమ్మాయి నా మోచెయ్యి తాకింది. "సార్, ఒక పది నిమిషాలు ఆ కొడుకుతోని నన్ను మాట్లాడనియ్యిండ్రి." చేత్తోనే ఆగమన్నాను. గడియారం పదకొండు దాటింది.

పాస్టరు, పునరుత్థానంలో వచ్చే కొత్త దేహం, మహిమ శరీరం గురించి మొదలుపెట్టాడు. నేను పక్కకు పోనీయలేదు. కాలుపోయినవాడు ఎలా లేస్తాడని అడిగాను. కాలి బూడిదైనవాడు ఎలా లేస్తాడని అడిగాను. "దేవుడు చేస్తడు" అన్నాడు. "కాలు చేసేటోడు కన్ను చేయలేడా?" అన్నాను. ఆయన చెమట తుడుచుకున్నాడు. అప్పుడైనా నేను ఊరుకుంటే పోయేది. ఊరుకోలేదు.

"పోయినేడు దవడ పన్ను పీకిచ్చుకున్నవ్ గద. పునరుత్థానంల పన్ను సందుతోనే లేస్తవా, కట్టుడు పన్నుతోని లేస్తవా?"

వాకిలంతా నవ్వింది. మందిరం ఆడవాళ్ళు కూడా చెంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. పాస్టరు తల దించుకున్నాడు. నేను గెలిచాను.

గెలిచి ఇటు తిరిగేసరికి మా అల్లుడు కలం కింద పెట్టేసి ఉన్నాడు.

"తీయద్దు," అన్నాడు ఆ అమ్మాయితో. నా వైపు చూడలేదు.

"బిడ్డా, మీ అవ్వ రాసిచ్చిన కార్డు..."

"తీయద్దు మామా. అయిపాయె."

పన్నెండు కావస్తుండగా నేను బతిమాలాను. నా జన్మలో ఎవరినీ అలా బతిమాలలేదు. వాడు లోపలికి పోయి తల్లి పక్కన కూర్చుని ఫ్యాను వేశాడు. ఆ అమ్మాయి పన్నెండున్నర దాకా గడప దగ్గరే నిలబడింది. ఆ తర్వాత నమస్కారం పెట్టి బండెక్కింది. డబ్బా ఖాళీగా పోయింది. సాయంత్రం సమాధి గుంట దగ్గర పాస్టరు మట్టి మట్టిలో కలిసిందనీ, ఆత్మ విడుదలైందనీ మళ్ళీ పాత పాటే చదివాడు. పొద్దున్నే ఆలయమన్న నోరు అది. సిగ్గు అనేది వలయాల్లో దేని లోపల ఉంటుందో ఆ ఫ్లెక్సీ మీద రాయలేదు.

పదకొండో రోజున మా అల్లుడు నాతో మాట్లాడాడు.

"నేను సంతకం పెట్టేటోన్నే మామా. పాస్టరయ్య ఒకటి అన్నడు, నువ్వు ఒకటి అన్నవ్, అది కాదు నా బాధ. మా అవ్వ శవం లోపల ఉన్నది. నువ్వు వాకిట్ల జనాన్ని నవ్విచ్చినవ్. ఇగ నీ మాట మీద నేనెట్ల సంతకం పెట్టాలె?"

ముప్పై ఏళ్ళుగా నాకు జవాబు దొరకని ప్రశ్న ఎవరూ వేయలేదు. వాడు వేశాడు. దవాఖానలో పక్క మంచం మీది ఆ పిల్లకు ఆ రోజు కన్ను అంది ఉండేదో లేదో నాకు తెలియదు. ఎవరికో ఇద్దరికి అందేది. ఆ ఇద్దరికీ పాస్టరు ఎంత అన్యాయం చేశాడో నేనూ అంతే చేశాను. ఆయన ఒళ్ళును పొట్టు చేశాడు. నేను అక్క ఒళ్ళును నా వాదన ఆటలో పావు చేశాను. పక్కకు రమ్మని ఆయన పిలిచినప్పుడు వెళ్ళి ఉంటే, బహుశా ఒప్పుకునేవాడు. జనం చూడరు కాబట్టే నేను వెళ్ళలేదు. ఆయన మీద నాకున్న అసహ్యం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోను. కానీ అద్దంలో చూసుకున్నప్పుడు కలిగేది దానికంటే ఎక్కువ.

మీరు ఏ దేవుణ్ణి నమ్మినా, ఎవర్నీ నమ్మకపోయినా, ఆత్మ ఒకటైనా మూడైనా, అవన్నీ తీరిగ్గా తేల్చుకోవచ్చు. ముందు ఈ పని చేయండి. మీ తర్వాత సంతకం పెట్టవలసిన మనిషి ఎవరో ఇవాళ అన్నం తినేముందు తేల్చుకోండి. ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, నా కళ్ళు ఇచ్చెయ్యి అని మీ నోటితో చెప్పండి. మీ గుడి, మసీదు, మందిరం పెద్దను రేపే ఇంటికి పిలిచి, ఆయన ముందు అదే మాట రెండోసారి చెప్పి, ఆయన అభ్యంతరం ఏదైనా ఉంటే మీరు బతికుండగానే మీతో చెప్పమనండి. కంటి బ్యాంకు నంబరు ఇంట్లో ప్రతి ఫోన్లోనూ ఎక్కించండి. ఇక నాలాంటి వాదనకారులు మీ కుటుంబంలో ఉంటే, ఆ రోజు వాకిట్లో నోరు తెరవబోమని వాళ్ళ నుంచి ఇప్పుడే మాట తీసుకోండి. లేవండి, ఫోన్ తీయండి.