నలుగురికి సూది, నాకు పట్టీ

ఆ రోజుల్లో ఉదయగిరిలో నాలాంటి బేరగత్తె ఇంకొకతె లేదని నా నమ్మకం. ఒక్క చుక్క మందు నా ఒంట్లోకి పోకుండా, మా వీధిలో నలుగురు గర్భిణులకు ధనుర్వాతం సూది అంటగట్టిన ఘనత నాది. సర్కారు ఊరికే వేసే సూదికి ఘనతేమిటని మీరనవచ్చు. ఊరికే ఇచ్చేదాన్ని ఒప్పించడం ఎంత కష్టమో అంగడి నడిపినవాళ్లకే తెలుసు. ఆత్మకూరులో మా నాయన గుడ్డల అంగడి మెట్ల మీద పెరిగినదాన్ని. "ఊరికే ఇస్తున్నాడంటే అది ఎలక కొట్టిన గుడ్డే" అనేది ఆయన నేర్పిన మొదటి పాఠం.

పెళ్లై ఉదయగిరి వచ్చిన రెండో ఏట నాకు ఐదో నెల. ఆస్పత్రి నర్సమ్మ ఇల్లిల్లూ తిరిగి, పుట్టే బిడ్డకు ధనుర్వాతం రాకుండా నెల తేడాతో రెండు సూదులు వేయించుకోవాలని చెబుతుండేది. మా వీధిలో కడుపుతో ఉన్నది ఐదుగురం, అభిప్రాయాలు మాత్రం యాభై. సూదితో బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని ఒకరు, వేడి చేస్తుందని ఇంకొకరు. కొయ్య గరిటెలు చేసే సాయిబుల ఇంటి కోడలికి (మా వీధికంతా ఆమె గరిటెల వదిన) అది పిల్లలు పుట్టకుండా చేసే మందేమోనని అనుమానం. మొగుళ్లను ఆపరేషన్లకు జీపుల్లో ఎక్కించుకుపోయిన కాలం దాటి ఎన్నాళ్లో కాలేదు కాబట్టి ఆ అనుమానాన్ని తప్పుపట్టలేం. ఎవరికి వారు "ముందు పక్కింటామె వేయించుకోనీ, చూద్దాం" అనేవాళ్లు. నా అభిప్రాయం అన్నిటికంటే శాస్త్రీయమైనది: గిన్నెలో ఉడుకుతున్న ఆ సూది పొడుగు చూసి నాకు కాళ్లు వణికాయి.

ఆ వణుకును బేరంగా మార్చాను. నలుగురినీ నేను ఒప్పిస్తాను, నన్ను వదిలెయ్యమని నర్సమ్మతో చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "సరేమ్మా. నీ అంతట నువ్వొచ్చి అడిగిందాకా నిన్ను పొడవను" అంది. ఇంత చవకగా తెగిన బేరం నేనెరగను. కొసరుగా ఒక పట్టీ కూడా అడిగి తీసుకుని, దూదితో సహా ఎడమ దండచేతికి అంటించుకున్నాను.

ఇక చూడండి నా వ్యాపారం. రవిక చెయ్యి పైకి జరిపి పట్టీ చూపించడం, చీమ కుట్టినంతే అనడం. గరిటెల వదిన మాత్రం గట్టి గిరాకీ. పిల్లలు పుట్టని మందైతే తొలి కాన్పుకు నేనెందుకు వేయించుకుంటానని అడిగాను. ఆమె నా పట్టీని వేలితో తడిమి, "సరేక్కా, నీకేమైతే నాకూ అదే" అంది. ఆమె వెళ్లడంతో మిగతా ముగ్గురూ వెళ్లారు. మర్నాడు అందరికీ చేతులు వాచాయి. వాళ్లకంటే ఎక్కువ నేనే మూలిగాను. పాపం గరిటెల వదిన, వాచిన చేత్తోనే ఉప్పు మూట వెచ్చబెట్టి తెచ్చి, సూది చూడని నా దండకు కాపడం పెట్టింది.

నెల గడిచింది. మా అత్త ఈ సూది గొడవలో ఒక్కనాడూ నోరు విప్పలేదు, ఇష్టం లేదేమో అనుకున్నాను. ఒక మధ్యాహ్నం చేటలో బియ్యం చెరుగుతూ, తలెత్తకుండా అంది. "నువ్వు సూది ఏయించుకున్నాక నాకు కంటికి కునుకు పడతా ఉండాది అమ్మాయ్. నా పెద్దోడు పుట్టిన ఎనిమిదో నాడు దవడ బిగబట్టినాడు. రొమ్ము నోట్లో పెడితే పట్టలా."

ఆ మాట తర్వాత దండ మీద పట్టీ ఉన్నచోట మంట పుట్టింది. (పట్టీ ఊడి అప్పటికే మూడు వారాలు.)

మర్నాడు రెండో సూదికి వచ్చిన నలుగురి వెనకా ఆస్పత్రి వరండాలో నిలబడ్డాను. నర్సమ్మ నన్ను చూసి, "బేరంలో ఇది లేదు కదమ్మా" అంది. వెయ్యమని బతిమాలుకున్నాను. "మొదటిదా?" అని ఆమె అందరికీ వినబడేలా అడిగింది. నలుగురూ వెనక్కి తిరిగారు. గరిటెల వదిన నా దండ వంక చూసి, మెల్లిగా, "ఉప్పు కాపడం పెట్టినానే అక్కా నీకు" అంది. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది. అయినా సూది దిగేటప్పుడు నా రెండో చెయ్యి పట్టుకున్నది ఆమే. "ఈసారి కాపడం నువ్వే పెట్టుకో" అని మాత్రం చెప్పింది.

రెండోదానికి మరో నెలకు ఒంటరిగా పోయాను. ఈ వయసులోనూ సూది చూస్తే ముఖం పక్కకు తిప్పుకుంటాను, నర్సు పిల్లలు నవ్వుతారు. ఆనాటి ఆ గడుసుదాన్ని తలుచుకుని నేనూ నవ్వుతాను. బేరం చేసి తగ్గించుకున్నది ఏమీ లేదు. సూదులు అందరికీ రెండు, నాకూ రెండే. దానిపైన ఒక నెల ఆలస్యం, వీధిలో "పట్టీ వదిన" అన్న పేరు, తిట్టని మనిషి దగ్గర తలదించుకోవడం. వచ్చిందేమిటంటే, నా కాన్పైన ఎనిమిదో నాడు తెల్లవారినప్పటి నుంచి మా అత్త బిడ్డను ఒళ్లోంచి దించలేదు. మాటిమాటికీ చిటికెన వేలు వాడి పెదాలకు ఆనించి చూసింది. పొద్దుగూకేలోపు ఎన్నిసార్లు ఆనించిందో, అన్నిసార్లూ వాడు ఆ వేలు పట్టుకుని చీకాడు.