పచ్చి కర్ర తలుపులు

ఆ వడ్రంగిని అందరూ ‘కిరీటం’ అనే పిలిచేవారు. కార్మికుల నాటక సంఘంలో రాజు వేషమంటే అతనిదే మరి. ఆ ఏడు పట్టుకున్నది, చివరికి అందరూ చచ్చే పాత విషాద నాటకం. అందులో యుద్ధం ఓడిపోయాక ఇద్దరు మిత్రరాజులు గుడారంలో పోట్లాడుకుంటారు. తప్పు చేసిన రాజు ఎదుటివాణ్ణి మాటలతో కరిగించి, ఆ తప్పు అతని నెత్తినే రుద్దుతాడు. రుద్దేవాడి వేషం కిరీటానిది. తెర వెనక కూర్చుని మాట అందించేది అతని బావ, అంటే అక్క మొగుడు. వడ్రంగి కొట్లో ఇద్దరూ వాటాదారులే.

రిహార్సళ్ల పిచ్చిలో పడి కిరీటం వెలగబెట్టిన ఘనకార్యం ఏమిటంటే, ఆరని పచ్చి కర్రతో బడికి తలుపులు చేసి బిగించెయ్యడం. బావ వద్దంటూనే ఉన్నాడు. వింటేగా! ఎండలు ముదిరేసరికి తలుపులన్నీ వంకర తిరిగాయి. ఒక్కదానికీ గడియ పడటం లేదు. ఆ కర్ర ఎంచిందెవరో తేల్చడానికి తానే వస్తున్నానని బడి మేనేజరు కబురు పెట్టాడు. నాటక సంఘానికి అధ్యక్షుడూ ఆయనే. ఇంత అడ్డగోలు పని చేసినవాడికి రాజు వేషం ఇస్తాడా? 

నేరం మీదేసుకోమని కిరీటం బావను అడిగాడు. కర్ర విషయంలో తన మాటను ఊరు నమ్ముతుందని, తనకున్న ఆస్తల్లా అదేనని బావ మండిపడ్డాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి అరిచేశాడు. అప్పుడు కిరీటం దగ్గరికి జరిగి, బావ భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించాడు.

“మనలో ఒకడు ఒరిగితేనే రెండోవాడు నిలబడతాడు బావా. నీ పేరు కొండ. ఒక్క దెబ్బకి చెక్కుచెదరదు. నాది... నాది...”

మాట తట్టలేదు. బావ కాసేపు అతని మొహంలోకి చూశాడు.

“నాది నిన్న కట్టిన గోడ,” అని మెల్లగా అందించాడు.

నాటకంలో మాటలే అవి. ‘మిత్రమా’ అన్నచోట ‘బావా’ అన్నాడు, అంతే తేడా. కిరీటానికి తల కొట్టేసినట్టయింది. సిగ్గూ శరమూ ఉన్నవాడైతే అక్కడితో ఆగుతాడు. ఇతను చెవులు కాలిపోతున్నా మిగతా వాక్యాలు కూడా అప్పజెప్పాడు.

మేనేజరు వచ్చాడు. కర్ర ఎంచింది తానేనని బావ చెప్పాడు. ఆయన నమ్మలేక కిరీటం వైపు తిరిగి, నిజమేనా అని అడిగాడు.

“నిజమేనండీ,” అన్నాడు కిరీటం.

ఆ సాయంత్రం అక్క భోజనానికి పిలిచింది. బావ నాలుగు తిట్టినా బాగుండునని లోలోపల ఏడుస్తూ వెళ్లాడు కిరీటం. బావ పలకరించి పక్కనే పీట వేశాడు. అక్క వడ్డిస్తూ వాపోయింది.

“మీ బావకి చూపు ఆనట్లేదురా. పచ్చి కర్రని ఎండుదనుకున్నారట. నువ్వు అడ్డుపడి సర్దిచెప్పబట్టి గానీ, లేకపోతే ఆయన్ని నలుగురిలో నానా మాటలూ అనేవారటగా? మొత్తం చెప్పారులే. నువ్వు తోడున్నావన్న ధైర్యంతోనే బతుకుతున్నాంరా తమ్ముడూ.”

బావ కంచంలోంచి తలెత్తలేదు. అక్క తమ్ముడికి మారు వడ్డించి, ఆ తర్వాత మొగుడి వైపు తిరిగింది. కిరీటం తల వంచుకుని తిన్నాడు.